తుపాకీకి ఆర్‌సీ ఏది?

2019 డిసెంబరులో ఆయుధ చట్ట సవరణ బిల్లు పార్లమెంటుకు వచ్చినప్పుడు చర్చంతా ఒక అంకె చుట్టూనే తిరిగింది. ఒక లైసెన్సుదారు మూడు తుపాకుల దాకా ఉంచుకోవచ్చన్న పరిమితిని ఒకటికి కుదించాలని కేంద్ర హోంశాఖ ప్రతిపాదించింది. సభ్యుల అభ్యంతరాల తర్వాత అది రెండు దగ్గర ఆగింది. ఆ బేరసారాల సందడిలో మరొక మాట ఎవరి దృష్టికీ రాకుండా దాటిపోయింది. అక్రమ తయారీని, అక్రమ రవాణాను ఛేదించేందుకు తుపాకీ జాడను తయారీదారు నుంచి కొనుగోలుదారు వరకు కనిపెట్టే నిబంధనలు చేసే అధికారం ఆ సవరణతో కేంద్రానికి దఖలుపడింది. కొనుగోలుదారు వరకు! ఆ కొనుగోలుదారు పదేళ్ల తర్వాత దాన్ని మరొకరికి అమ్మితే జాడ ఏమవుతుందన్న ప్రశ్న చట్టసభలో ఎవరికీ తోచినట్లు లేదు.

లైసెన్సున్న ఇద్దరు పౌరుల మధ్య తుపాకీ అమ్మకం ఈ దేశంలో నేరం కాదు. 1959 నాటి ఆయుధ చట్టం అయిదో సెక్షనే దానికి దారి చూపింది. సొంత వినియోగానికి చట్టబద్ధంగా ఉంచుకున్న ఆయుధాన్ని అర్హత గల మరొకరికి అమ్మదలచినవారు ఆ సంగతిని, కొనేవారి పేరు, చిరునామాతో సహా, జిల్లా మేజిస్ట్రేటుకు గానీ సమీప పోలీస్ స్టేషన్ అధికారికి గానీ లిఖితపూర్వకంగా తెలపాలి. తర్వాత 45 రోజులు ఆగాలి. పౌరుడి బాధ్యతను ఇంత నిక్కచ్చిగా రోజులతో సహా లెక్కగట్టిన ఆ సెక్షను, సమాచారం అందుకున్న కార్యాలయం తిరిగి ఏం చేయాలో మాత్రం చెప్పదు. బదులివ్వాలని లేదు, అభ్యంతరం ఉంటే ఫలానా గడువులోగా తెలపాలని లేదు, గడువు ముగిసిందని ధ్రువీకరించాలనీ లేదు. నలభై ఆరో రోజున అమ్మినవాడి చేతిలో మిగిలేది తాను రాసిన లేఖ నకలు. అదృష్టవంతుడైతే దాని మీద ఒక ఇన్‌వార్డ్ ముద్ర ఉంటుంది.

అసలు చిక్కు ఇంకా లోపల ఉంది. వాహనానికి ఆర్‌సీ ఉన్నట్లు తుపాకీకి తనదంటూ ఒక పత్రం లేదు. లైసెన్సు మనిషిది, తుపాకీ అందులో ఒక పద్దు మాత్రమే. అమ్మకం జరిగితే ఒక పుస్తకంలో ఆ పద్దును కొట్టివేయాలి, మరో పుస్తకంలో రాయాలి. ఈ రెండు పనులూ వేర్వేరు కార్యాలయాల్లో, వేర్వేరు తేదీల్లో, వేర్వేరు గుమస్తాల చేతుల మీదుగా జరుగుతాయి. నల్లగొండలో అమ్మి కర్నూలులో కొన్న తుపాకీ 2014కు ముందు ఒకే రాష్ట్రంలోని రెండు జిల్లాల వ్యవహారం. నేడు రెండు ప్రభుత్వాల వ్యవహారం. ఆ రెండు పద్దుల నడుమ ఎన్ని వారాలు గడిచినా ఆ తుపాకీ ఎవరిదన్న ప్రశ్నకు ప్రభుత్వ రికార్డు ఇచ్చే జవాబు ఎవరి పుస్తకం ముందు తెరిచారన్నదాని మీద ఆధారపడి ఉంటుంది.

కారు విషయంలో ఈ నిర్లక్ష్యానికి మూల్యం ఎంతో దేశానికి తెలుసు. అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో తెలపాలని మోటారు వాహనాల చట్టం చెబుతుంది. అయినా పేరు మార్చుకోని బండ్లు చేతులు మారుతూనే ఉన్నాయి. రికార్డులో ఎవరి పేరుంటే ప్రమాద పరిహారానికి వారే బాధ్యులని 2018లో సుప్రీంకోర్టు నవీన్ కుమార్ కేసులో తేల్చిచెప్పింది. అక్కడ పోయేది డబ్బు. తుపాకీ దగ్గర ఆ స్థానంలో హత్య కేసు ఉంటుంది.

ఇంతకన్నా విడ్డూరం 29వ సెక్షన్. తీసుకునేవాడికి అర్హత ఉందో లేదో ముందుగా నిర్ధారించుకోకుండా ఆయుధం అప్పగించడం ఆ సెక్షన్ కింద శిక్షార్హం. నిర్ధారించుకోవడం ఎలా? జమ్మూకశ్మీర్ ఉదంతం ఆ ప్రశ్నకు గుణపాఠం. 2012-2016 మధ్య అక్కడ 2.78 లక్షలకు పైగా లైసెన్సులు అనర్హుల పేర జారీ అయ్యాయన్నది సీబీఐ ఆరోపణ. ఆ కేసులో ఐఏఎస్ అధికారులే అరెస్టయ్యారు. అవి వీధి చివర అచ్చువేసిన దొంగ కాగితాలు కావు. కార్యాలయాల నుంచి సంతకాలతో, ముద్రలతో వెలువడినవి. కలెక్టర్ల కొలువులోనే మూలం చెడిందని దర్యాప్తు సంస్థ చెబుతున్న పత్రాన్ని చూసి, అందులో లోపం పసిగట్టాల్సిన భారం పాత డబుల్ బ్యారెల్ అమ్ముకునే రిటైర్డ్ సుబేదారు మీద పడుతుంది. కాయితం ఇచ్చినవాడికి లేని జవాబుదారీ కాయితం చూసినవాడికి!

సమాచార హక్కు చట్టం ఉంది కదా అనవచ్చు. కొన్నవారు తమ ఫైలు తాము అడిగి తెచ్చుకోవచ్చు. అమ్మినవారికి కావలసింది తమ ఫైలు కాదు, తాము అమ్మిన తుపాకీ ఎదుటివారి లైసెన్సులో నమోదైందా లేదా అన్న ఒక్క సంగతి. అది మూడో వ్యక్తి సమాచారం. వ్యక్తిగత సమాచారపు మినహాయింపును 2023 నాటి డేటా రక్షణ చట్టం మరింత బిగించింది. తన పేరుతో ముడిపడిన వస్తువు తన పేరు నుంచి తొలగిందో లేదో తెలుసుకోవడం పరాయివారి రహస్యంలోకి తొంగిచూడటమెలా అవుతుందో దేశానికి ఎవరో ఒకరు వివరించాలి.

రికార్డు లేదా అంటే, ఉంది. జాతీయ ఆయుధ లైసెన్సుల డేటాబేస్ ఉంది. ప్రతి లైసెన్సుకూ విశిష్ట గుర్తింపు సంఖ్య ఉండాల్సిందేనని, లేనివి చెల్లవని కేంద్రం గడువు మీద గడువు పెట్టి మరీ పట్టుబట్టింది. 2016 చివరికి దేశంలో సుమారు 33.7 లక్షల లైసెన్సులున్నాయని, అందులో ఒక్క ఉత్తరప్రదేశ్‌లోనే 12.7 లక్షలకు పైగా ఉన్నాయని హోంశాఖ లెక్క చెప్పగలిగింది. ఇంత లెక్క తెలిసిన వ్యవస్థకు, ఫలానా నెంబరు తుపాకీ ఫలానా తేదీన ఒక సంఖ్య నుంచి మరో సంఖ్యకు మారిందని ఒక ధ్రువపత్రం ఇవ్వడం కష్టమైన పని కాదు. ఇవ్వకపోవడం వల్ల కార్యాలయానికి ఏ నష్టమూ లేదు, అందుకే ఇవ్వదు. ఎన్నికలు వచ్చినప్పుడు మాత్రం ఆయుధాలు డిపాజిట్ చేయమని ఆదేశాలు వెలువడతాయి. నెలల క్రితం అమ్మేసిన తుపాకీ తెచ్చి అప్పగించమంటే అది లేదని రుజువు చేసుకోవలసింది మళ్లీ పౌరుడే.

ఇదంతా తుపాకీ ప్రియుల గొడవ, మామూలు జనానికేమిటన్న వాదన తరచుగా వినిపిస్తుంది. నిజానికి తుపాకులు తగ్గాలని కోరేవారే ఈ ధ్రువపత్రం కోసం అందరికన్నా గట్టిగా అడగాలి. లైసెన్సున్న ఆయుధం అక్రమ బజారులోకి జారిపోవడానికి అనువైన సమయం పాత పేరు చెరిగి కొత్త పేరు ఎక్కని ఆ వ్యవధే. అమ్మినవాడు అమ్మానంటాడు, కొన్నానని చెప్పాల్సినవాడు చేరలేదంటాడు. తుపాకుల జాబితా బయటికి పొక్కితే దొంగలకు చిరునామాలు ఇచ్చినట్లవుతుందన్న భయం సమంజసమే. అయితే ఇక్కడ ఎవరూ జాబితాను గోడకు అంటించమనడం లేదు. లావాదేవీలో పాల్గొన్న ఇద్దరికి, వారి ఒక్క తుపాకీ గురించి మాత్రమే చెప్పమంటున్నారు.

దీనికి మళ్లీ పార్లమెంటులో అంకెల బేరం అక్కర్లేదు. 1962 నాటి ఆయుధ నిబంధనల స్థానంలో 2016లో కొత్తవి తెచ్చింది హోంశాఖ గెజిట్ నోటిఫికేషనే. ఆ నిబంధనల్లో వారసుల కోసం వివరమైన ఏర్పాటు ఉంది. లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, తుపాకీ 25 ఏళ్లుగా అతని దగ్గర ఉన్నా చట్టబద్ధ వారసుడి పేర లైసెన్సు కోరవచ్చు. తండ్రి నుంచి కొడుక్కి వెళ్లే తుపాకీ గురించి అంత ఆలోచించిన శాఖ, పరాయివాడి చేతికి వెళ్లే తుపాకీ గురించి కూడా ఒక పేరా చేర్చవచ్చు: 45 రోజుల్లోగా లిఖితపూర్వక జవాబు, నమోదైన రోజున ఇద్దరికీ ఒకే నెంబరుతో బదిలీ పత్రం, జాప్యమైతే సంబంధిత అధికారి పేరుతో కారణం.