తెలుగు చదవలేని యంత్రం తీర్పు మాకొద్దు

కాపీని పట్టే, కానీ తెలుగు చదవడం రాని సాఫ్ట్‌వేర్ ఇచ్చిన పోలిక శాతాన్ని పట్టుకుని తెలుగు పీహెచ్‌డీల తలరాత తేల్చడం అన్యాయం. ఈ మాట తిరుపతి నుంచే గట్టిగా అనాలి. శ్రీవేంకటేశ్వర, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయాలు ఇక్కడున్నాయి, కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది. అన్నమయ్య తిరిగిన నేల, ధూర్జటి కాళహస్తి మనవి.

పరిశోధక విద్యార్థి తన సిద్ధాంత గ్రంథాన్ని టైపు కోసం డీటీపీ సెంటర్లో ఇస్తాడు. అక్కడ ఇప్పటికీ పేజ్‌మేకర్, అను ఫాంట్లు. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో. ప్రతి భాష అక్షరాలకూ సొంత సంకేతాలిచ్చే యూనికోడ్ దానికి తెలియదు. అను ఫాంటులో తెరమీద మనకు ‘క’ కనబడుతుంది, ఫైలు లోపల ఉండేది ఏదో ఇంగ్లీషు అక్షరమో గుర్తో. కాపీని పట్టే సాఫ్ట్‌వేర్ ఆ లోపలిదాన్నే చదువుతుంది. అది యూనికోడ్‌లో ఉన్న ఏ తెలుగు పాఠంతోనూ కలవదు. అధ్యాయానికి అధ్యాయం ఎత్తిరాసినా శాతం సున్నా దగ్గరే ఆగిపోవచ్చు. ఆ సున్నా మీద సంతకాలు పడతాయి!

ఇంకొక విద్యార్థిని తనే కూర్చుని యూనికోడ్‌లో టైపు చేసుకుంటుంది. యంత్రానికి చదవడానికి దొరికేది ఆమె రాతే, కాబట్టి లెక్కకు దొరికేదీ ఆమే. శతకపద్యాన్ని మన పుస్తకాల్లో వేసినట్టే, కొటేషన్ గుర్తులు లేకుండా పాదాలు విడదీసి వేస్తుంది. గుర్తులుంటేనే ఉదాహరణగా గుర్తించే ఫిల్టరు ఆ పద్యాన్ని ఆమె దొంగతనం కింద కలిపేస్తుంది. మూలం చెప్పి ఉదాహరించినదాన్ని లెక్కలోంచి తీసేయాలని యూజీసీ 2018 నిబంధనల్లోనే ఉంది. అవే నిబంధనల ప్రకారం పోలిక 10 శాతం దాటితే ఆరు నెలల్లోపు సవరించి ఇవ్వాలి, 40 దాటితే ఏడాదిపాటు సమర్పించకూడదు, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. ఇంత పెద్ద శిక్షలు ఇంత గుడ్డి లెక్క మీదా?

పీడీఎఫ్ గోల వేరే. యూనికోడ్‌లో కొట్టిన తెలుగును పీడీఎఫ్‌గా మార్చి, అందులోంచి ఒక పేరా కాపీ చేసి చూడండి. వత్తులు ఒకచోట, గుణింతాలు ఇంకొకచోట పడతాయి చాలాసార్లు. పీడీఎఫ్ దాచుకునేది ప్రధానంగా అక్షరాల ఆకారాల్ని. సంయుక్తాక్షరాల దగ్గర వెనక్కి తిరిగే దారి తెగిపోతుంది. అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లదీ అదే తంతు. అయినా విశ్వవిద్యాలయాలు పీడీఎఫే కావాలంటాయి.

తెలుగు యూనికోడ్‌లో చేరింది 1991లో. తెలుగు కోసమని 2012 డిసెంబరులో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగిందీ ఈ తిరుపతిలోనే. ధూర్జటి పేరుతో సహా యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. ఇన్నేళ్ళూ ఉన్నవాటిని తరగతి గదిలో నేర్పించనివాళ్ళకు, ఇవాళ విద్యార్థిని నిలదీసే హక్కు ఎక్కడిది?

గ్రంథాన్ని యూనికోడ్ వర్డ్ ఫైలుగా తీసుకోండి. పాత అను ఫైళ్ళను మార్చి ప్రూఫు దిద్దే ఖర్చు విశ్వవిద్యాలయమే పెట్టుకోవాలి, స్కాలర్‌షిప్పు మీద బతికే పిల్లల నెత్తిన రుద్దకూడదు. యంత్రం రంగు పూసిన ప్రతి వాక్యాన్నీ తెలుగు వచ్చిన అధ్యాపకుడు మూలంతో పోల్చి చూడాలి. ఏ వాక్యం ఎక్కడిదో చూపకుండా శాతం ఒక్కటే చూపి గ్రంథాన్ని వెనక్కి పంపితే, విద్యార్థి కారణం రాతపూర్వకంగా అడగాలి. ఆ కాగితం మీద గైడు కూడా సంతకం పెట్టాలి.