పిచ్చి మొక్క

"పిచ్చి మొక్క గద సార్, పీకేసినం."

ఎంత తేలిగ్గా అనేశాడు! మా జవహర్‌నగర్ కాలనీ పార్కులో, గోడ మూలన రెండు వానాకాలాల కింద నేను పెట్టిన తంగేడు అది. మొదటి ఎండాకాలం వారానికో చెంబెడు నీళ్లు పోశాను. రెండో ఏడు అదీ మానేశాను. మొన్న మే నెలలో రోజూ తడుపుతున్న లాన్ మాడి చాపలా అయిపోతే, ఇది మాత్రం మోకాలు దాటి పచ్చగా నిలబడింది. దాన్ని వేళ్లతో సహా లాగి చెత్తబండిలో పడేశారు. గడ్డి కోసే ఆ మనిషిని నేనేమీ అనను. ఆయనకిచ్చిన కాగితంలో గడ్డి ఉంది, క్రోటన్లు ఉన్నాయి, తంగేడు లేదు. నా మంట ఆ కాగితం రాసినవాళ్ల మీద.

2014లో తంగేడును తెలంగాణ రాష్ట్ర పుష్పమన్నారు, జమ్మిని రాష్ట్ర వృక్షమన్నారు. మన హైదరాబాద్‌లో ఉప్పల్ నుంచి నాచారం దాకా డివైడర్ల వెంట నడిచి ఒక్క జమ్మిని చూపించండి, మీ కాళ్లకు దండం పెడతాను. రాజస్థాన్ ఎడారిలో బతికే చెట్టది. మన రాళ్ల నేల దానికో లెక్కా? తంగేడు పీకేసిన ఆ పార్కులోనే బతుకమ్మ ఆడతాం. బతుకమ్మకు తంగేడు పూలేమో రోడ్డు మీద కట్టల లెక్కన, బేరమాడి మరీ కొనుక్కొస్తాం.

2015లో హరితహారం మొదలైంది. మంచి పనే, కాదనను. కానీ నాటిందేమిటి? ఎక్కడ చూసినా కోనోకార్పస్ వరుసలే. అమెరికా, ఆఫ్రికా తీరాల నుంచి వచ్చిన చెట్టది. తొందరగా ఎదుగుతుంది, ఫొటోలో నిండుగా కనిపిస్తుంది, అంతకన్నా ఏం కావాలి! దాని వేళ్లు పైపుల్లో దూరి చేసిన నష్టం కువైట్‌ వాళ్లనడిగితే చెబుతారు. గుజరాత్ 2023లో నిషేధించింది. మన దగ్గరా ఇక వద్దన్నారు, లెక్కలేనన్ని నాటాక. సరే, వద్దు. మరి ఏం పెట్టాలి? కానుగా, వేపా, మోదుగా? ఆ మాట మా కాలనీ దాకా ఎవరూ మోసుకురాలేదు.

2002 నాటి వాల్టా చట్టం పేరులోనే నీరు, భూమి, చెట్టు మూడూ ఉన్నాయి. చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలి. నీళ్లు తాగే లాన్ పరచడానికి మాత్రం మా వీధిలో ఎవర్నీ ఎవరూ అడిగిన పాపాన పోలేదు. జూదశాలల ఊరు లాస్‌వేగాస్‌కున్న బుద్ధి మనకు లేకపోయింది. ఎవరూ నడవని, ఎవరూ ఆడని, కంటికి ఇంపుగా ఉండటానికే పెంచే గడ్డికి 2027 నుంచి కొలరాడో నది నీళ్లు బంద్ అని 2021లోనే ఆ ఊరున్న నెవాడాలో చట్టం చేశారు. మనకేమో 2016 వేసవిలో సింగూరు, మంజీరా జలాశయాలు అడుగంటినా బుద్ధి రాలేదు. కృష్ణ నీళ్లు వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో నడిచొస్తే తప్ప గొంతు తడవని ఊరు మనది!

ఈ మే నెలలోనే ఒక పొద్దున చూశాను. డివైడర్ పక్కన ట్యాంకర్ ఆగింది. పైపు అతుకు దగ్గర సన్నటి ధారగా నీళ్లు కారుతున్నాయి. ఒకావిడ పరుగున వచ్చి ప్లాస్టిక్ బిందె ఆ ధార కింద పెట్టింది. బిందె సగం కూడా నిండలేదు, బండి ముందుకు కదిలింది. ఆవిడా బిందెను నడుముకెత్తుకుని, చెప్పులు టపటపలాడిస్తూ దాని వెంటే నడిచింది. పైనున్న కుర్రాడు ఎవరూ తొక్కని గడ్డికి పైపు పట్టుకునే ఉన్నాడు. సగం నీళ్లు రోడ్డు మీదే పారాయి.

కడుపు మండి, పార్కులో తంగేడు పెట్టనివ్వమని అర్జీ రాసుకుని పార్కులు చూసే ఆఫీసుకు పోయాను. కొత్త మొక్కలకు బడ్జెట్ లేదన్నారు. డబ్బులెవరడిగారండీ, ఘట్‌కేసర్ వైపు గుట్టల్లో ఏరుకొచ్చిన తంగేడు గింజలివి, మూలన కాస్త చోటిస్తే చాలు, వాటి చావు అవే చస్తాయన్నాను. ఆ సారు చదవకుండానే అర్జీ మీద ముద్ర కొట్టి పక్కన పెట్టుకున్నాడు. గింజల పొట్లం మాత్రం నా చేతికే తిరిగిచ్చాడు.