తలకట్టుకీ నటన వచ్చు!

మొన్న హైటెక్ సిటీ మెట్రో మెట్లు దిగుతున్నానా, ఎదురుగా కొత్త సినిమా పోస్టరు! హీరోగారి ముఖం బారెడు. పేరేమో కంప్యూటర్లో దొరికే రెడీమేడ్ అక్షరాల్లో. "అది నేనే వేశాను గురూ" అన్నాడు పక్కనున్న మిత్రుడు, నీరసంగా. పగలు సాఫ్ట్‌వేర్ కంపెనీలో డిజైనరు, రాత్రిళ్లు పోస్టర్లు వేస్తాడు. "టైటిల్ చేత్తో రాసిస్తే వద్దన్నారు. ముఖం పెంచమన్నారు."

అతనికి సాల్ బాస్ అంటే ప్రాణం. ఈ అమెరికన్ డిజైనరు 1955లో 'ద మ్యాన్ విత్ ద గోల్డెన్ ఆర్మ్'కి ఏం చేశాడో తెలుసా? హీరో ఫ్రాంక్ సినాట్రా, మత్తుమందుకి బానిసైన పాత్ర. టైటిల్స్‌లో ఆయన ముఖమే లేదు! నల్లటి తెర మీద తెల్లటి పట్టీలు కదిలి కదిలి, చివరికి వంకర తిరిగిన చెయ్యి అవుతాయి. కత్తెరతో కాగితం కత్తిరించినట్టుండే ఆ చేతిలోనే కథంతా ఉంది.

మనకి మాత్రం లేరా? పాలకొల్లు నుంచి మద్రాసు వెళ్లిన ఈశ్వర్, బాపు తొలి సినిమా 'సాక్షి' (1967)తో పోస్టర్ల పని మొదలుపెట్టారు. ఆయన పేరు రాస్తే కుంచె విసురు కనబడేది. 2021లో కన్నుమూశారు. బాపు దస్తూరీ అయితే ఇప్పుడు కంప్యూటర్లో ఫాంటు. ఎవరు వాడినా పెళ్లి శుభలేఖే!

మావాడు ఫోన్ తీసి, వాళ్లు వద్దన్న టైటిల్ చూపించాడు. పరుగులు తీసే కథట. తలకట్లన్నీ ఎదురుగాలికి వెనక్కి వాలిపోయి ఉన్నాయి. మెట్ల మీదే నిలబడి రెండుసార్లు చూశాను. గోడ మీద చూసే యోగం మీకు లేదు మరి!