తెల్లకోటూ - రాజకీయమూ

"డాక్టరుకి రాజకీయాలెందుకోయ్?" - మన హాస్టలు మెస్సులో రోజూ వినే మాట ఇది. దానికి జవాబుగా నేను ఉరుగ్వే దేశపు టబారే వాస్కెజ్‌ని చూపిస్తాను.

మాంటివిడియోలో ఒక కార్మికవాడలో 1940లో పుట్టాడాయన. తల్లినీ, తండ్రినీ, తోబుట్టువునూ క్యాన్సర్ పొట్టన పెట్టుకుంటే, తానే క్యాన్సర్ వైద్యుడయ్యాడు. 2005లో దేశాధ్యక్షుడయ్యాక కూడా రోగుల్ని చూడడం మానలేదు. 2006లో ఆఫీసుల్లో, హోటళ్ళలో పొగతాగడం నిషేధించాడు. 2009లో సిగరెట్ పెట్టె మీద 80 శాతం హెచ్చరికే ఉండాలని పట్టుబట్టాడు. ఫిలిప్ మోరిస్ కంపెనీ 2010లో దావా వేసి, 2016లో ఓడిపోయింది. వైద్యుడు ఎదుటి రోగికే మందివ్వగలడు. రోగాన్ని అమ్మేవాణ్ణి ఆపాలంటే చట్టం కావాలి కదా!

ఆయన చేసినవన్నీ ఒప్పని నేననను. గర్భస్రావం నేరం కాదన్న బిల్లును 2008లో వీటో చేయడం నాకు మింగుడుపడదు. 2020లో ఆయన్నీ ఊపిరితిత్తుల క్యాన్సరే తీసుకుపోయింది.

మాది ఒంగోలు వైపు పొగాకు పండించే ఊరు. నా కాలేజీ ఫీజు ఆ ఆకు డబ్బే. కనుక ఈ నాలుగు ముక్కలు రాయడం నాకంత సులువు కాదు. సిగరెట్టు మానమంటే చాలదు, మా నాన్నకు మరో పంట దారి చూపాలి. అదీ రాజకీయమే, మిత్రులారా! మరి దాన్ని ఎవరికి వదిలేద్దాం?