కొత్త కుంచెను పారవేయకుడు

గడ్డము గీసికొనుటకై కొన్న పందిరోమముల బ్రష్షు తొలినాళ్ళలో బిరుసుగా నుండి, తడియగనే పశువాసన వెదజల్లుచు, సబ్బునంతయు తానే మ్రింగి నురుగును మాత్రము పిసినారివలె విదిల్చుట చూచి, పలువురు దానిని మూల పడవైచి నైలాను బ్రష్షు తెచ్చుకొనుచున్నారు. ఇది తొందరపాటని నా నిశ్చితాభిప్రాయము.

పందిరోమము నీటిని తనలోనికి పీల్చుకొని మెత్తబడు స్వభావము గలది. కావున గోరువెచ్చని నీట కొంతసేపు నాననీయక సబ్బుపై రుద్దిన ఫలముండదు. మరుగు నీరు మాత్రము కూడదు. రోమములు చెడును, పిడిలోని జిగురు సడలును. నానిన పిదప నీరు విదిల్చి, సబ్బుపై గుండ్రముగా త్రిప్పుచు, నురుగు పలుచనైనచో సబ్బును, బిగిసినచో నీటిచుక్కను చేర్చుచుండవలెను.

వాడినకొలది జరుగునది మిక్కిలి రమ్యము: ఒక్కొక్క రోమాగ్రము సన్నని పాయలుగా చీలి, కొన్ని వారములకు కొనలు చెంపకు మృదువుగా తగులుచు, మొదలు మాత్రము బిగువుగా నిలిచి, గట్టి సబ్బునుండియు దట్టమైన నురుగును రాబట్టును. ఇటలీలోని బొలోన్యా నగరపు ఒమేగా సంస్థ 1931 నుండి బ్రష్షులు చేయుచున్నది. ఆ దేశపు క్షురకులు పందిరోమమునే చిరకాలముగా ఆదరించుటకు పైన చెప్పిన గుణమే కారణమని నా నమ్మకము.

అమ్మువారు ఈ సంగతులను పెట్టెపై అచ్చువేసినచో ఎన్నియో మంచి బ్రష్షులు చెత్తకుండీ పాలు గాకుండును. కొన్నవారును, పని ముగియగనే సబ్బు పోవునట్లు కడిగి, గాలి తగులు చోట ఆరనీయవలెను. తడిగానే మూసిపెట్టినచో ఆ వాసన వదలదు.