వరిమడి కూడికల లెక్క కాదు

వానాకాలం వరి పొట్ట మీదికొచ్చే రోజుల్లో నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద ఏ ఊరికి పోయినా ఒకటే మాట: "దోమ పడ్డది, మందు కొట్టాలె." మిర్యాలగూడ నుంచి కోదాడ దాకా మందుల దుకాణాల్లో దొరికే సలహా కూడా ఒకటే: పోయినసారి కొట్టిన మందు పనిచెయ్యలేదు కాబట్టి ఈసారి రెండు మూడు కలిపి కొట్టు. ఈ సలహా దోమను చంపదు, పెంచుతుంది. తెలిసీ ఈ మాట చెప్పేవాళ్లంటే నాకు కోపం. తెలిసీ నోరు మెదపని వ్యవసాయ యంత్రాంగమంటే అంతకన్నా ఎక్కువ కోపం.

ఒక డబ్బాకు ఇన్ని చస్తే రెండు డబ్బాలకు రెండింతలు చస్తాయన్నది కూడికల లెక్క. పొలం ఆ లెక్కన నడవదు. ఈ సుడిదోమ పీల్చి ఎండబెట్టిన మచ్చనే చూడండి. మడి నడుమ గుండ్రంగా మొదలై, గుండ్రంగానే పెరుగుతుంది. పొడుగు రెక్కల దోమ ఎక్కడి నుంచో ఎగిరొచ్చి ఒక దుబ్బు మీద వాలుతుంది. దాని సంతానంలో చాలావాటికి పొట్టి రెక్కలే, ఎగరలేవు. నీళ్లకు కాస్త పైన, దుబ్బు మొదట్లో చేరి రసం పీలుస్తూ వందల్లో గుడ్లు పెడతాయి. పిల్లలు పక్క దుబ్బుకు పాకుతాయి, అక్కణ్నుంచి ఆ పక్కదానికి. ఉన్నచోట పెరగడం, పక్కకు ఒక చిన్న అడుగు వేయడం. ఈ రెండూ కలిస్తే చాలు, అంచు అన్ని వైపులకూ ఒకే వేగంతో జరుగుతుంది. 1937లో ఇంగ్లండులో గణాంకవేత్త ఫిషర్, రష్యాలో గణితవేత్త కొల్మొగొరోవ్ బృందం విడివిడిగా రాసిన సమీకరణం సారం ఇదే. వాళ్లు రాసింది జన్యువుల వ్యాప్తి గురించి. మన మడిలో అదే గణితం ఎండుగడ్డి రంగులో కనబడుతుంది. దుబ్బు కిక్కిరిసి రసం తగ్గాక మళ్లీ పొడుగు రెక్కలవి పుట్టుకొచ్చి, లేచి పక్క పొలంలో పడతాయి.

ఈ పెరుగుదలకు పగ్గం వేసేవి మడిలోనే ఉన్నాయి. సాలీళ్లు దోమలను తింటాయి, మిరిడ్ నల్లులు వాటి గుడ్లను పీలుస్తాయి. నాటిన నెలకే ముందుజాగ్రత్త పేరుతో కొట్టే మందుకు మొదట చచ్చేవి ఇవే. దోమ గుడ్లు ఆకు తొడుగు లోపల భద్రంగా ఉంటాయి. మందు ప్రభావం తగ్గేసరికి అవి పొదుగుతాయి, తినేవాడు మాత్రం మిగలడు. డ్రోనుతో పైపైన చల్లితే మరీ దండగ, దోమ ఉండేది దుబ్బు మొదట్లో.

పెరుగుదల పగ్గం తప్పితే ఏమవుతుందో చెప్పే లెక్క కూడా ఉంది. 1976లో శాస్త్రవేత్త రాబర్ట్ మే 'నేచర్' పత్రికలో ఒక్క వరుస సూత్రంతో జీవుల సంఖ్యల తీరు చూపించాడు. పెరుగుదల రేటు 3 లోపు ఉంటే సంఖ్య ఒక నిలకడకు వస్తుంది. దాటితే ఒక తరం ఎక్కువ, ఒక తరం తక్కువగా ఊగుతుంది. సుమారు 3.57 దాటాక ఎక్కువగా కనిపించేది గందరగోళమే; మొదట్లో వెంట్రుకవాసి తేడా చివరికి ఎక్కడికో తీసుకుపోతుంది. దీన్ని విద్యార్థులకు తొలినాళ్లలోనే నేర్పాలని ఆయన కోరాడు. క్యాలిక్యులేటర్ చాలు, ఒక పీరియడ్‌లో అయిపోతుంది. సూర్యాపేటలో ఇంటర్ చదివే రైతు బిడ్డకు సరళరేఖ వాలు నోటికి వస్తుంది, తండ్రి పొలం నడిచే లెక్క మాత్రం తెలియదు. ఇది చదువుకు సిగ్గుచేటు.

ఇదంతా కాగితం మీది సిద్ధాంతమనే వాళ్లు ఇండోనేషియాను చూడాలి. సుడిదోమ దెబ్బకు అల్లాడిన ఆ దేశం 1986లో వరిపై 57 రకాల పురుగుమందులను నిషేధించింది. తర్వాత మందుల సబ్సిడీ కూడా ఎత్తేసింది. మందు తగ్గినా వరి దిగుబడి పడిపోలేదు. ఫిలిప్పీన్స్ పొలాల్లో పరిశోధకుడు పీటర్ కెన్మోర్ అంతకు ముందే చూపించాడు: మందు కొట్టిన మడిలోనే దోమ ఎన్నో రెట్లు పెరిగింది.

మనకూ దారి తెలుసు. ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట తీయాలి, యూరియా తగ్గించాలి, మడిని మధ్యమధ్య ఆరబెట్టాలి. వ్యవసాయ శాఖ కరపత్రాల్లో ఇవన్నీ అచ్చయి ఉన్నాయి. కానీ కౌలు రైతు వెళ్లేది కరపత్రం దగ్గరికి కాదు, ఉద్దెర ఇచ్చే దుకాణానికి. అప్పు ఎవరు ఇస్తే వైద్యం వాళ్లే చేస్తున్నారు. రైతును తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు.

అందుకే నా డిమాండు దుకాణం గల్లా దగ్గరే. వరి దోమకు మందు అమ్మే ప్రతి బిల్లు మీద, దుబ్బుకు ఎన్ని దోమలు, ఎన్ని సాలీళ్లు లెక్కించారో విస్తరణ అధికారి సంతకంతో రాసి ఉండాలి. ఆ రెండంకెలు లేకుండా అమ్మితే లైసెన్సు రద్దు చేయాలి. వచ్చే నాట్లకు ముందే ఈ ఉత్తర్వు రావాలి.