కొండెక్కి పడుకోడానికి ఓనరు పర్మిషనా?

"వాడి భూమి, వాడిష్టం. మధ్యలో వీళ్ళ గోలేంటి?" డార్ట్‌మూర్ కేసు మాటొస్తే మనవాళ్ళు చాలామంది ఇదే అంటారు. ఒళ్ళు మండుతుంది నాకు.

ఇంగ్లండులో డెవాన్ కౌంటీలో ఉంది డార్ట్‌మూర్. చెట్లు పెద్దగా లేని విశాలమైన బీడు, మధ్యమధ్య గ్రానైట్ గుట్టలు. నేల చాలావరకు ప్రైవేటుదే. అయినా అక్కడి ఉమ్మడి మేత భూముల్లో ఆరుబయట విహారానికి ఎవరైనా నడిచి తిరగొచ్చని 1985 చట్టం చెప్పింది. మరి రాత్రి గుడారం వేస్తే? అది విహారం కిందకి రాదని 2023 జనవరిలో హైకోర్టు అంది. జూలైలో అప్పీలు కోర్టు ఆ తీర్పు కొట్టేసింది. చివరికి 2025 మేలో సుప్రీంకోర్టు కూడా ఏకగ్రీవంగా గుడారం పక్షానే నిలిచింది.

"చెత్త పోస్తారు, మంటలు పెడతారు" అంటారా? దానికి నేషనల్ పార్కు నిబంధనలున్నాయి. ఒకేచోట రెండు రాత్రులు మించకూడదు కూడా. బగ్ వస్తే ఫిక్స్ చేస్తాం గానీ సర్వరే పీకేస్తామా?

ఆ గ్రానైట్ వయసు దాదాపు 28 కోట్ల ఏళ్ళండీ. దాని మీద ఒక్క రాత్రి పడుకోడానికి పట్టా ఉన్నోడి దయ కావాలా? దయ అయితే రేపు మనసు మారగానే పోతుంది. హక్కు అలా పోదు. తేడా అదే.